అక్కడే ఉన్నావని రుజువేమిటి?

గుడివాడ బస్టాండులో బెంచీ మీద కూర్చుని "గుడ్లవల్లేరు దాటేశాం, ఇంకో అరగంటలో బందర్లో ఉంటా" అని ఫోనులో చెప్పే మనిషిని చూడనివాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు. అవతలివాళ్లు ఆ మాట నమ్మినా, నమ్మకపోయినా మునిగిపోయేదేమీ లేదు. అదే మాట యంత్రం చెబితే మాత్రం లెక్క మారుతుంది. ఉపాధి పని దగ్గర హాజరు తీసే ఫోను "నేను ఈ కాలవ గట్టు మీదే ఉన్నాను" అంటుంది. ఈ-క్రాప్ నమోదుకు వచ్చిన ఉద్యోగి ఫోను "నేను ఫలానా రైతు పొలంలో ఉన్నాను" అంటుంది. గిలకలదిండి నుంచి వేటకెళ్లిన బోటు మీది పరికరం "నేను సముద్రంలో ఇక్కడున్నాను" అంటుంది. కొత్త కారు తాళంచెవి జేబులోంచే "నేను తలుపు పక్కనే ఉన్నాను" అంటుంది. ఒక మాట మీద కూలి, ఒక మాట మీద పంట నష్టం సొమ్ము, ఒక మాట మీద ప్రాణం, ఒక మాట మీద కారు ఆధారపడి ఉన్నాయి.

తీగలేని నెట్‌వర్కులో ఒక పరికరం తానెక్కడున్నానని చెబుతోందో నిజంగా అక్కడే ఉందా? ఆ సంగతి మోసానికి తావు లేకుండా తేల్చడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కరికి, ఒక్కసారిగా తట్టలేదు. చదరంగం చిక్కుప్రశ్న దగ్గర మొదలై, మాఫియా దుకాణం మీదుగా, నార్వేలో జరిగిన ఒక సదస్సు దాటి, ఇవాళ మన జేబులోని ఫోను దాకా వచ్చింది.

బందరు రాడారుకు లేని బెడద

వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడారు బందరులో, అంటే మచిలీపట్నంలో ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమకు తుఫాను ఎంత దూరంలో ఉందన్నది ప్రాణాల లెక్క. ఆ దూరాన్ని రాడారు చాలా సూటిగా కొలుస్తుంది. రేడియో తరంగాన్ని చిన్న తునకగా వదులుతుంది. అది మబ్బులోని నీటి చుక్కలకు తగిలి వెనక్కి వస్తుంది. రేడియో తరంగం వేగం, కాంతి వేగం ఒక్కటే. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 1 మిల్లీసెకను పట్టిందంటే తరంగం 300 కిలోమీటర్లు తిరిగిందన్నమాట, అంటే మబ్బు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే ఇద్దరు విమానానికి తగిలి వెనక్కొచ్చిన రేడియో తరంగాన్ని పట్టి చూపించారు. బ్రిటన్‌లో రాడారు కథకు అదే నాంది.

మబ్బుకు అబద్ధమాడే అవసరం లేదు. తగిలిన తరంగాన్ని తగిలినట్టే వెనక్కి పంపుతుంది. ఫోను అలా కాదు. ప్రశ్నను అందుకుని, లోపల లెక్క చూసుకుని, అప్పుడు తన జవాబును తానే తయారుచేసి పంపుతుంది. మోసానికి చోటు దొరికేది ఆ మధ్యనే. జవాబును కావాలని ఆలస్యం చేస్తే ఉన్న చోటు కంటే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రశ్న అందకముందే జవాబు వదిలేస్తే దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది.

సెల్ నెట్‌వర్కు మొదటి నుంచీ ఇలాంటి కొలత తీస్తూనే ఉంది. పాత జీఎస్ఎం పద్ధతిలో ఒకే తరంగాన్ని ఎనిమిది ఫోన్లు వంతులవారీగా వాడుకునేవి. దూరంగా ఉన్న ఫోను మాట ఆలస్యంగా చేరి పక్కవాడి వంతులోకి చొరబడకుండా, ఎంత ముందుగా పంపాలో టవరే కొలిచి చెప్పేది. ఆ కొలతలో ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. 0 నుంచి 63 దాకా మెట్లు ఉండేవి, అందుకే మామూలు జీఎస్ఎం టవరు పరిధి 35 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయేది. గుడివాడ నుంచి బందరుకు గాలి మార్గాన 30 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఆ హద్దుకు కాస్త లోపలే. కాని ఈ కొలత మాటలు ఒకదానిమీద ఒకటి పడకుండా చూడటానికి పుట్టింది, దొంగను పట్టడానికి కాదు. ఫోను తన సమయాన్ని ముందుకో వెనక్కో జరుపుకుంటే టవరు దాన్నే నిజమనుకుంటుంది.

చదరంగం రాని పిల్ల, మాఫియా దుకాణం

గణిత శాస్త్రజ్ఞుడు జాన్ కాన్వే 1976లో అచ్చయిన తన పుస్తకంలో ఒక సరదా సంగతి రాశాడు. చదరంగంలో ఓనమాలు రాని చిన్నపిల్ల ఒకేసారి ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లతో ఆడుతుంది. ఒకరి దగ్గర తెల్లపావులు, ఇంకొకరి దగ్గర నల్లపావులు తీసుకుంటుంది. ఒకరు వేసిన ఎత్తును రెండోవారి మీద వేస్తుంది, రెండోవారి ఎత్తును మొదటివారి మీద వేస్తుంది. నిజానికి ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడుకుంటున్నారు. పిల్ల మాత్రం ఇద్దరి చేతిలోనూ ఓడిపోదు. ఒకరి మీద గెలవవచ్చు, లేదా రెండు ఆటలూ సమం కావచ్చు.

పదేళ్ల తర్వాత ఈ సరదా కథకు పళ్లు మొలిచాయి. 1986లో ఆమోస్ ఫియట్, అడి షమీర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రహస్యాన్ని బయటపెట్టకుండానే "నేను ఫలానా వాణ్ణి" అని నిరూపించుకునే పద్ధతి కనిపెట్టారు. అది ఎంత గట్టిదో చెబుతూ షమీర్, మాఫియావాళ్ల దుకాణానికి పది లక్షల సార్లు వెళ్లినా వాళ్లు తనలా నటించలేరని 1987లో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో అన్నాడు. ఆ ధీమాకు ఈవో డెస్మెట్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు అడ్డం తిరిగారు. నటించాల్సిన పనే లేదు, మధ్యలో మాట చేరవేస్తే చాలు కదా అన్నారు.

వాళ్లు చెప్పిన ఉదాహరణ ఇలా ఉంటుంది. మీరు ఒక హోటల్లో భోజనం చేసి కార్డు ఇస్తారు. హోటలు దొంగలది. వాళ్ల ముఠా మనిషి అదే నిమిషంలో ఊరి రెండో కొసన నగల దుకాణంలో నిలబడి ఉంటాడు. నగల దుకాణం యంత్రం అడిగే ప్రశ్న హోటలుకు చేరుతుంది, హోటలు యంత్రం దాన్నే మీ కార్డును అడుగుతుంది. మీ కార్డు నిజాయితీగా చెప్పిన జవాబు నగల దుకాణానికి వెళుతుంది. మీరు కట్టింది భోజనం బిల్లనుకుంటారు. ఖాతాలోంచి పోయింది వజ్రాల ఖరీదు. రహస్య సంకేతం ఎక్కడా చెడలేదు, ఎవరూ దేన్నీ విప్పలేదు. షమీర్ మాటను పట్టుకుని వాళ్లు దీనికి "మాఫియా మోసం" అని పేరు పెట్టారు.

గణితం ఎంత పెంచినా ఈ మోసం ఆగదు. చేరవేసేవాడికి లెక్క రానక్కరలేదు మరి, కాన్వే కథలో పిల్లకు చదరంగం రానట్టే. చేరవేయడానికి కాస్త సమయం పడుతుందన్న సంగతి ఒక్కటే ఇక్కడ పట్టు. 1990లో థామస్ బెత్, డెస్మెట్ కలిసి, జవాబు రావడానికి పట్టిన సమయాన్ని కచ్చితంగా కొలిస్తే మధ్యవర్తి బయటపడతాడని సూచించారు. సూచన బాగుంది. దాన్ని నిలబెట్టే పద్ధతి ఇంకా రావాలి.

1993: ఒక్కో అంకెకు ఒక్కో గడియారం

ఆ పద్ధతి 1993లో నార్వేలోని లాఫ్తస్ ఊళ్లో జరిగిన యూరోక్రిప్ట్ సదస్సులో వచ్చింది. తెచ్చినవాళ్లు స్టీఫన్ బ్రాండ్స్, డేవిడ్ చౌమ్. డిజిటల్ నగదు ఆలోచనకు ఆద్యుడు ఈ చౌమే. దూరానికి గట్టి హద్దు కట్టే వాళ్ల పద్ధతిని కాస్త దగ్గరగా చూస్తే గాని దాని తెలివి తెలియదు.

అడిగేది టవరు, చెప్పేది ఫోను అనుకుందాం. ముందుగా ఫోను తనలో ఒక రహస్య వరుస రాసుకుంటుంది: 1, 0, 0, 1, 1, ఇలా. ఆ వరుసను చదవడానికి వీల్లేని రూపంలో ముందే టవరుకు అప్పగించేస్తుంది. తర్వాత దిద్దుకోవడానికి ఉండదు. ఇప్పుడు టవరు అప్పటికప్పుడు తోచిన ఒక అంకెను విసురుతుంది, 0 గాని 1 గాని. విసిరిన క్షణంలో గడియారం మొదలవుతుంది. ఫోను ఆ అంకెను తన వరుసలోని అంకె పక్కన పెట్టి చూస్తుంది. రెండూ ఒకటే అయితే 0 అని, వేరైతే 1 అని వెంటనే జవాబిస్తుంది. టవరు 1 విసిరి, ఫోను రహస్య అంకె 1 అయితే జవాబు 0. తర్వాత టవరు మళ్లీ 1 విసిరితే, ఫోను రెండో అంకె 0 గనక జవాబు 1. ప్రతి జవాబుకూ గడియారం ఆగుతుంది. అంతా అయ్యాక ఫోను తన వరుసను బయటపెట్టి, జరిగిన మొత్తం సంభాషణ మీద తన డిజిటల్ సంతకం చేస్తుంది.

ఇందులో ప్రతి అడుగూ ఒక దొంగదారిని మూయడానికే ఉంది. టవరు అంకె ముందుగా తెలియదు కాబట్టి, దూరంగా ఉన్న ఫోను ప్రశ్న రాకముందే సరైన జవాబు పంపలేదు. గుడ్డిగా పంపితే సగం సార్లు తప్పుతుంది. ముందే ఏదో జవాబు పంపేసి, దానికి సరిపోయేలా రహస్య వరుసను తర్వాత మార్చుకుందామంటే వరుస అప్పటికే టవరు చేతిలో ఉంది. మధ్యవర్తి తానే జవాబు చెబుదామంటే రహస్య వరుస అతనికి తెలియదు, అతనికీ సగం సగమే. అసలు ఫోను దాకా ప్రశ్నను మోసుకెళ్లి జవాబు తెద్దామంటే గడియారం పట్టేస్తుంది. ఒక్కసారికి మోసం నెగ్గే అవకాశం సగం. 20 సార్లు వరసగా నెగ్గాలంటే పది లక్షల్లో ఒక్కటి కన్నా తక్కువ.

అన్నిటికీ అడుగున ఉన్న ఆధారం సంకేత శాస్త్రం కాదు, భౌతిక శాస్త్రం. కాంతిని మించిన వేగంతో ఏ సమాచారమూ ప్రయాణించదు. అందువల్ల ఈ పద్ధతి "ఫోను సరిగ్గా ఇంత దూరంలో ఉంది" అని చెప్పదు, "ఇంతకంటే దూరంలో లేదు" అని మాత్రం గట్టిగా చెబుతుంది. కావాలని ఆలస్యం చేసి దూరంగా కనిపించడం ఎవరికైనా చేతనవుతుంది. దగ్గరగా కనిపించడం మాత్రం ఎవరి వల్లా కాదు.

ఒక్క లోటు మిగిలింది. ఫోను సొంతదారే దొంగతో చేతులు కలిపితే? తన రహస్య వరుసను పక్కవాడికి ఇచ్చి, తన బదులు టవరు దగ్గర నిలబెడితే? డెస్మెట్ దీన్ని కూడా 1988లోనే గుర్తించాడు. ఈ తరహా మోసం సంగతి కథ చివర మళ్లీ వస్తుంది.

2003: ప్రశ్న రేడియోలో, జవాబు శబ్దంలో

కాగితం మీద అంతా బాగుంది. చేతిలోకి వచ్చేసరికి గడియారం దగ్గర చిక్కొచ్చింది. రేడియో తరంగం 1 నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. జవాబు ఆలోచించుకోవడానికి పరికరం 1 మైక్రోసెకను అదనంగా తీసుకుంటే దూరం లెక్కలో 150 మీటర్ల తేడా వస్తుంది. 1 మిల్లీసెకను తీసుకుంటే 150 కిలోమీటర్లు. చవకరకం చిప్పులకు ఆ చురుకు ఎక్కడిది?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో నవీన్ శాస్త్రి, ఉమేశ్ శంకర్, డేవిడ్ వాగ్నర్ ఈ చిక్కును పక్కనుంచి దాటారు. 2003లో వాళ్లు ప్రచురించిన పద్ధతి పేరు ఎకో. ప్రశ్నను రేడియోలో పంపు, జవాబును శబ్దంలో తీసుకో, అంతే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే పల్లెటూరి లెక్క లాంటిదే ఇది. మనిషి చెవికి అందని అల్ట్రాసౌండ్ సెకనుకు 340 మీటర్ల వేగంతో నింపాదిగా వస్తుంది. 10 మీటర్ల దూరం నుంచి రావడానికి 29 మిల్లీసెకన్లు పడుతుంది. పరికరం 1 మిల్లీసెకను తడబడినా తేడా 34 సెంటీమీటర్లే. ఖరీదైన గడియారాలు అక్కర్లేదు, ముందుగా రహస్య తాళాలు పంచుకోనూ అక్కర్లేదు.

వాళ్లు ఇంకో మంచి పని చేశారు. ప్రశ్ననే మార్చారు. "నువ్వు కచ్చితంగా ఎక్కడున్నావు" అని అడగకుండా "ఈ గదిలో ఉన్నావా, లేవా" అని మాత్రం అడిగారు. నిజజీవితంలో మనకు కావలసింది చాలాసార్లు ఇదే. చేపల చెరువు గట్టున ఆక్సిజన్ కొలిచే సెన్సరు అదే చెరువు దగ్గర ఉందా, లేక ఎవరైనా తీసి ఇంట్లో బకెట్లో పెట్టారా అన్నది తెలిస్తే చాలు. ఏ గట్టున ఎన్నో అడుగులో ఉందన్నది అనవసరం.

దీని పరిమితి కూడా వాళ్లు దాచలేదు. దొంగకు గదిలోపల తోడుదొంగ ఉంటే, బయటి నుంచి రేడియోలో జవాబు అందిస్తే, లోపలివాడు దాన్ని శబ్దంగా పలికేస్తాడు. కాబట్టి ఎకో చెప్పేది "లోపల ఎవరో ఒకరు ఉన్నారు" అని మాత్రమే, ఆ ఎవరో ఎవరన్నది వేరే రుజువు చేసుకోవాలి.

ఉయ్యూరు, గుడివాడ, బందరు మధ్య

ఒక్క టవరు దూరం చెప్పగలదు, దిక్కు చెప్పలేదు. 2005లో సర్జన్ చాప్కున్, జాన్-పియర్ ఉబో మూడు టవర్ల పద్ధతి చూపారు. మన ఊళ్ల మీద పెట్టి చూద్దాం. ఉయ్యూరు, గుడివాడ, బందరు మూడు కొసలుగా త్రికోణం గీస్తే పామర్రు దాని లోపల పడుతుంది. పామర్రులో ఆగి ఉన్న లారీలోని పరికరం తాను నిడుమోలు దగ్గరికి వచ్చేశానని బొంకాలనుకుంది. అలా కనిపించాలంటే ఉయ్యూరు టవరుకు దూరం జరిగినట్టు నటించాలి. అది తేలిక, జవాబు ఆలస్యం చేస్తే చాలు. కాని బందరు టవరుకు దగ్గరైనట్టు కూడా కనిపించాలి. కాంతి కంటే ముందు పరుగెత్తితే తప్ప అది కుదరదు. త్రికోణం లోపల ఏ చోటి నుంచి ఏ చోటికి మారినట్టు నటించినా మూడింట్లో కనీసం ఒక టవరుకు దగ్గరకాక తప్పదు. బడి పిల్లలకు తెలిసిన జ్యామితితోనే దొంగ దొరికిపోయాడు.

అదే ఏడాది కేంబ్రిడ్జిలో గెర్హార్డ్ హాంకే, మార్కుస్ కూన్ బస్సు కార్డుల్లాంటి చిన్న చిప్పులకు సరిపోయే తేలికరకం పద్ధతి తెచ్చారు. ప్రశ్న 0 అయితే ఏం చెప్పాలో, 1 అయితే ఏం చెప్పాలో చిప్పు ముందే రెండు వరుసలుగా తయారుచేసి పెట్టుకుంటుంది, అడిగిన వెంటనే తీసి చెబుతుంది. చివరి సంతకం బరువు లేదు. అందుకు మూల్యంగా ఒక్కసారికి మోసం నెగ్గే అవకాశం సగం నుంచి ముప్పావుకు పెరిగింది. 20 ప్రశ్నలకు 315లో ఒకసారి దొంగ గెలుస్తాడు, అందుకని ప్రశ్నలు పెంచాలి. 2007లో అదే కేంబ్రిడ్జిలో సార్ డ్రైమర్, స్టీవెన్ మర్డక్ డెస్మెట్ చెప్పిన మాఫియా మోసాన్ని అక్షరాలా చేసి చూపారు. బ్రిటన్‌లో వాడుతున్న బ్యాంకు చిప్పు కార్డు మీద అది పనిచేసింది. దాన్ని ఆపే దూరం హద్దు యంత్రాన్నీ వాళ్లే తయారుచేసి చూపించారు.

ఇక అంతా అయిపోయిందనుకునే వేళ 2009లో నిశాంత్ చంద్రన్, విపుల్ గోయల్, రయన్ మొరియార్టీ, రఫాయిల్ ఓస్ట్రోవ్‌స్కీ ఒక చేదు నిజం నిరూపించారు. దొంగ ఒక్కడైతే సరే. త్రికోణంలో ప్రతి టవరు పక్కనా ఒకడు చొప్పున కుమ్మక్కైన ముఠా కాపు వేసి, ప్రతి ఒక్కడి దగ్గరా ఒకే రకం పరికరం ఉంటే, ఎన్ని టవర్లు నిలబెట్టినా చోటును మాత్రమే నమ్ముకున్న ఏ పద్ధతీ వాళ్లను ఆపలేదు. క్వాంటం కణాలతో ప్రయత్నించిన పద్ధతులనూ సూత్రరీత్యా ఛేదించవచ్చని రెండేళ్లలో తేలింది, కాకపోతే అందుకు ముఠాకు విపరీతమైన వనరులు కావాలి. పరికరంలోంచి ఎవరూ తీయలేని రహస్యం ఒకటి ఉండి తీరాలన్నది ఈ గొడవలో మిగిలిన పాఠం.

కారు దొంగలు తెచ్చిన తొందర

2010లో కాస్పర్ రాస్ముసెన్, చాప్కున్ 1 నానోసెకను లోపే జవాబు తిప్పి పంపే రేడియో సర్క్యూట్ తయారుచేశారు. బ్రాండ్స్-చౌమ్ ఆలోచన నిజమైన రేడియోలో నడవగలదని తేలింది. మరుసటి ఏడాదే చాప్కున్ తన సహచరులు ఫ్రాన్సియోన్, దానెవ్‌లతో కలిసి 8 కంపెనీల 10 రకాల కార్లను పరీక్షించాడు. తాళంచెవి ఇంట్లో ఉండగానే దాని మాటను కారు దాకా చేరవేసి అన్ని కార్లూ తెరిచారు, ఇంజను కూడా స్టార్టు చేశారు. చదరంగం పిల్ల ఎత్తుగడకు కార్లు కూడా లొంగాయి.

కార్ల కంపెనీలకు, ఫోన్ల కంపెనీలకు అప్పుడు తొందర పుట్టింది. అతి సన్నని రేడియో తునకలు వాడే అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్పు 2019లో ఐఫోన్ 11లో వచ్చింది. 2020లో దూరం కొలతకు భద్రత కలిపిన ప్రమాణం వెలువడింది. 2022లో ఒక పరిశోధక బృందం ఆ ఐఫోన్ చిప్పునే బోల్తా కొట్టించింది. 12 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని పక్కనే ఉన్నట్టు చూపించారు. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లే. కాని తలుపు తెరుచుకోవడానికి ఒక్కసారి చాలు. 2024 సెప్టెంబరులో బ్లూటూత్ ఆరో తరం కూడా దూరం కొలిచే ఏర్పాటుతో వచ్చింది. తాళం వేసేవాడికీ తీసేవాడికీ పోటీ నడుస్తూనే ఉంది.

ఆకాశం నుంచి వచ్చే మాట

ఇంతకీ మన యాపుల్లో చుక్క చూపించేది వీటిలో ఏదీ కాదు, జీపీఎస్. అందులో కొలత తీసేది ఫోనే, చెప్పేదీ ఫోనే. ఉపగ్రహానికి ఫోను సంగతి తెలియదు. పౌరులు వాడే జీపీఎస్ సంకేతం మీద సంతకం లేదు, నకిలీ సంకేతాన్ని అసలుదిగా చెలామణి చేయవచ్చు. 2013లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టాడ్ హంఫ్రీస్ బృందం, యజమాని అనుమతితోనే, మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల విలాస నౌకను దారి తప్పించింది. నౌకలో ఏ హెచ్చరికా మోగలేదు. ఢిల్లీ విమానాశ్రయం పరిసరాల్లో కొన్ని విమానాలకు ఇలాంటి నకిలీ సంకేతాలు ఎదురయ్యాయని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపారు.

ఐరోపావారి గెలీలియో వ్యవస్థ 2025లో తన సంకేతానికి డిజిటల్ సంతకం జతచేసే సేవను అధికారికంగా ప్రారంభించింది. మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి లేచింది. స్వదేశీ అణు గడియారంతో ఎన్‌వీఎస్-01 2023 మే 29న అక్కడి నుంచే వెళ్లింది. దూరమంటే సమయమే అయిన ఈ విద్యలో సొంత గడియారం చిన్న విషయం కాదు. వేట బోట్లకు ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ పథకం 2024 ఆగస్టులో మొదలైంది, లక్ష బోట్లు దాని లక్ష్యం. తుఫానులో చిక్కిన బోటుకు అబద్ధమాడే పని లేదు కాబట్టి అక్కడ బోటు చెప్పిన చోటును నమ్మి వెతకడం సబబే.

గట్టు మీది ఫోను సంగతి

హాజరు సంగతి అలా కాదు. అబద్ధం చెబితే డబ్బొచ్చే చోట ఫోను మాటను ఉన్నదున్నట్టు నమ్మడం కుదరదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాపులు తయారుచేసేవాళ్ల పరీక్షల కోసం ఉత్తుత్తి చోటు చూపించే ఏర్పాటు ఏనాటి నుంచో ఉంది. చూపుతున్నది ఉత్తుత్తిదని పసిగట్టే వీలు కూడా యాపులకు ఉంది, కాని ఫోను లోగుట్టు మార్చేసినవాడు దాన్నీ కప్పిపెట్టగలడు.

ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్‌లో చోటుతో సహా ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి అయింది. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ చదివితే, అంత యంత్రాంగాన్ని ఎంత తేలిగ్గా దాటారో తెలుస్తుంది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కించారు, పాత ఫొటోకే ఫొటో తీసి ఎక్కించారు. నానోసెకన్ల లెక్క దాకా వెళ్లే అవసరమే దొంగకు రాలేదు.

ఒకవేళ రేపు టవర్లే ఫోను చోటును బ్రాండ్స్-చౌమ్ పద్ధతిలో కొలిచాయనుకుందాం. తేలేది ఫోను గట్టు మీద ఉందని మాత్రమే. ఫోను సొంతదారు ఇంట్లో పడుకుని, ఫోనును పక్కవాడి చేతికిచ్చి పంపితే? 1988లో డెస్మెట్ గుర్తించిన మోసం ఈ తరహాదే. పరికరం చోటును భౌతిక శాస్త్రం రుజువు చేయగలదు, మనిషి చోటును మనుషులే చూడాలి. ఇటు గట్టు మీద నిజంగా మట్టి తవ్వుతున్న కూలీకి, సిగ్నలు సరిగా అందక యాప్‌లో చుక్క పనిచోటు బయట పడితే, ఆ రోజు కూలి పోయే ప్రమాదం ఉంది. అబద్ధం చెప్పే ఫోను నెగ్గి, నిజం చెప్పే మనిషి ఓడిపోయే ఏర్పాటు అది.

అందుకని రెండు మాటలు. కారు కొనేవాళ్లు తాళంచెవికి దూరం కొలిచే చిప్పు ఉందో లేదో అమ్మేవాణ్ణి అడగండి, లేకపోతే చెవిని రాత్రిపూట వీధి తలుపు దగ్గర పెట్టకండి. యాపులు పెట్టే అధికారులు మాత్రం ఫోను చెప్పిన చోటును వాంగ్మూలంగానే తీసుకోవాలి, సాక్ష్యంగా కాదు. ఒక్క చుక్క ఆధారంగా ఎవరి కూలీ కోయకూడదు. పనిచోటికి వెళ్లి కళ్లారా చూసే మనిషిని ఇంకా తీసేయవద్దు.